మా ఇంటి మాట అడిగావుగా, రమణయ్యా

గోవా, పడవల జెట్టీ నుంచి,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు రమణయ్యకు అక్క మస్తానమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ బావా కులాసాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? మరదలు సుబ్బమ్మకి దగ్గు తగ్గిందా? నా కొడుకు వేళకి తింటున్నాడా? అందరూ చల్లగా ఉండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. నీ మీద ఒళ్ళు మండిపోతున్నా ఆ దణ్ణంలో నిన్ను మాత్రం వదల్లేదు.

వాన ఇంకా విడవలేదు. మన దగ్గర వాయుగుండం పట్టినా రెండు మూడు రోజులు కురిసి పోతుంది. ఇక్కడ నెలల తరబడి కురుస్తూనే ఉంది, ఉతికిన చీర ఆరిన పాపాన పోలేదు. మీ బావ పడవలో ఇంజను చూసుకుంటున్నాడు. నేను జెట్టీ వెనక రేకుల షెడ్డులో నలభై మందికి వండుతున్నాను. ఒడిశా వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు, మన నెల్లూరు వాళ్ళు ఆరుగురు. ఇక్కడ చేపల కూరలో కొబ్బరి రుబ్బి పోస్తారు, మన చింతపండు పులుసు ఊసే ఉండదు. వచ్చిన కొత్తలో నాకు ముద్ద దిగలేదు. ఎవరైనా ఇటు రైలెక్కితే కాస్త కొత్త చింతపండు, ఎండు నెత్తళ్ళ చేపలు ఇచ్చి పంపించు. మాట్లాడే మనిషి లేక ఒక్కో రోజు పొయ్యిని తిట్టుకుంటూ కూర్చుంటాను. ఇది మాత్రం అమ్మకి చెప్పకు. బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోవద్దని చెప్పు.

ఇక అసలు సంగతికి వస్తాను. మొన్న ఫోనులో ఏమన్నావు? "అక్కా, మన పాళెంలో మందు కొట్టు కాడ ఇరవై ఒకటి నిండినోళ్ళకే పొయ్యాలని కట్టుబాటు ఉండాది గదా. దాన్ని పద్దెనిమిదికి దించుదామనుకుంటాండాం. ఇంటింటి మాటా అడగతాండాం. ఊళ్ళో లేనోళ్ళు కాయితం మీద రాసి పంపాల, ఫోను మాట చెల్లదు. నువ్వు సరేనని నాలుగు ముక్కలు రాసెయ్యి" అన్నావు. రాస్తున్నాను. నాలుగు ముక్కలతో మాత్రం పోదు.

ఆ కొట్టుకి సర్కారు లైసెన్సు ఉందా అసలు? లేదు. ఏటేటా ఊరే వేలం పెట్టి, ఎక్కువ పాట పాడినవాడికి అమ్ముకునే హక్కు ఇస్తుంది, ఆ డబ్బు గుడికి పోతుంది. చట్టంలోనే లేని కొట్టుకి మళ్ళీ వయసు కట్టుబాటొకటి! ఆ ఉన్న ఒక్క సిగ్గునీ ఇప్పుడు మీరు విప్పేస్తామంటున్నారు. చీపుర్లు పట్టుకుని సారా కొట్లు మూయించిన ఆడవాళ్ళ జిల్లారా మనది. ఆ ఆడవాళ్ళ కడుపున పుట్టిన మీరు పెద్దమనుషులై కూర్చుని వయసు దించుతారా? పాట ఎక్కువ పలుకుతుందనే కదా మీ ఆశ?

"ఓటుకి పద్దెనిమిది, పడవలో నిండు వాటాకి పద్దెనిమిది. మగోడి పని చేసేటోడికి మందు వద్దంటే ఎట్టక్కా? ఎట్టాగూ కావలి టౌనుకి పొయ్యి తాగి బండ్ల మీద పడతాండారు. మన కళ్ళ ముందర తాగితే మేలు గదా" అన్నావు. ఓటు సంగతి ఒప్పుకుంటాను. బండ్ల మీద పడుతున్న మాటా నిజమే. కళ్ళ ముందర అన్నావు చూడు, అక్కడే నాకు నవ్వొచ్చింది. ఎవరి కళ్ళురా? పొద్దుగూకేసరికి మీ పెద్దల్లో కళ్ళు నిలబడేవాళ్ళు ఎందరు?

నేనుండే ఈ గోవాలో పద్దెనిమిదే. పది అడుగులకో కొట్టు. ఇక్కడివాళ్ళని చూస్తే, మా షెడ్డు యజమానురాలు కూడా అన్నంతో పాటు చిన్న గ్లాసు తాగి, గిన్నెలు కడుక్కుని పడుకుంటుంది. ఆమెని చూసి మందు గురించి నేనే తప్పుగా అనుకున్నానేమో అనిపించింది. కానీ మనవాళ్ళకి అలా ఒక్క గ్లాసుతో ఆగడం ఎవరు నేర్పారు? మనవాళ్ళు పడిపోయేదాకా తాగితేనే తాగినట్టు. ఇంకొకటి, ఇరవై ఒకటి అన్నచోట పద్దెనిమిదేళ్ళవాడు అబద్ధమాడతాడు, పద్దెనిమిది అన్నచోట పదిహేనేళ్ళవాడు ఆడతాడు. నా దగ్గర తినే శ్రీకాకుళం పిల్లాడొకడు అలాగే వయసు అబద్ధమాడి తాగి, పడవకీ గట్టుకీ మధ్య పడ్డాడు. చెయ్యి నలిగింది. ఆసుపత్రిలో రెండు రోజులు వాడికి ముద్దలు కలిపి పెట్టాను. "మా అమ్మకి సెప్పకు" అని ఏడ్చాడు వెధవ.

ఇప్పుడు నా కొడుకు మాట. పెంచలయ్యకి పోయిన నెలలో పద్దెనిమిది నిండాయి. పట్టిన చేపలో వాడికి పెద్దవాళ్ళతో సమానంగా నిండు వాటా ఇస్తున్నావని విన్నాను. సంతోషం. మేనమామవి కదా అని వాణ్ణి నీ చేతిలో పెట్టి వచ్చాను. కానీ మన పాళెం ఆచారం నాకు తెలియదా? నిండు వాటా అందుకున్నవాడికి పడవ పెద్ద తన చేత్తో మొదటి గుక్క పోయాలి. ఇన్నాళ్ళూ ఈ ఇరవై ఒకటి అడ్డం ఉండబట్టి ఆ గుక్క ఆగింది. కట్టుబాటు దిగితే మర్నాడే పోస్తారు. వాడి పడవ పెద్దవి నువ్వు, పోసేది నువ్వే.

నీకు పోసింది ఎవరో గుర్తుందా? నాయన. నీకూ అప్పుడు పద్దెనిమిదే, ఈ ఇరవై ఒకటి కట్టుబాటు అప్పటికింకా రాలేదు. సరదాగా ఒక గుక్క పోసి ఆయన ఇంటికొచ్చి పడుకున్నాడు. నువ్వు మాత్రం తాగుతూ అక్కడే ఉండిపోయావు. తెల్లవారి మీరిద్దరే పడవ తీశారు. చుక్కాని నీ చేతిలో ఉంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటేటప్పుడు అలలు చూసుకుని, సందు దొరికాక పోవాలని పసిపిల్లలకి కూడా తెలుసు. నాయన "ఆగరా, ఆగరా" అని అరిచాడని నువ్వే నాకు చెప్పావు. నువ్వు ఆగలేదు. పడవ తిరగబడి ఆయన దాని కింద పడిపోయాడు.

గట్టుకి అందరికంటే ముందు పరిగెత్తింది నేను. నీ నోరు గబ్బు కొడుతోంది. ఇసుక వేసి నీ పళ్ళు తోమాను, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. పెద్దలు వచ్చి "పిల్లోడు తాగినాడా మే?" అని అడిగితే, పోలేరమ్మ మీద ఒట్టేసి లేదన్నాను. నాయన పోయాడు, ఊరు వెలి వెయ్యకుండా నువ్వన్నా మిగలాలనుకున్నాను. అప్పటి నుంచి అమ్మ ఏమంటోంది? "ఆ పొద్దు మీ నాయన జొరంగా ఉండాదంటే నేనే ఎగదోలి పంపినా. నా మొగుణ్ణి నేనే సంపుకున్నా" అని ఇప్పటికీ గోడకి తల ఆనించి ఏడుస్తుంది. నువ్వు అదే ఇంట్లో ఉంటూ రోజూ వింటూనే ఉన్నావు. నేను దూరం వచ్చి తప్పించుకున్నాను. మనిద్దరం దొంగలమే.

ఊళ్ళో లేనివాళ్ళ ఉత్తరాన్ని ఆ ఇంటి దగ్గరి చుట్టం ఊరందరి ముందూ నిలబడి, ఒక్క ముక్క వదలకుండా గట్టిగా చదవాలి. వదిలితే మాట చెల్లదు. ఆ పద్ధతి మీ పెద్దలు పెట్టిందే. అక్క నన్ను కాదంటుందా అనే ధీమాతో దాన్ని మరిచిపోయి నా చేత రాయించావు.

కాబట్టి చదువు. అమ్మని ముందు వరసలో కూర్చోబెట్టి, నా కొడుకుని పక్కన నిలబెట్టుకుని చదువు. అంతా చదివాక కూడా వాడికి నీ చేత్తో పోయాలనిపిస్తే, మా ఇంటి మాట పద్దెనిమిదే అని రాసుకో. తాగాలో వద్దో వాడే తేల్చుకుంటాడు. చదవలేకపోయావా, మీ ప్రయత్నం మానుకుని ఇరవై ఒకటిని ఉన్నచోటే ఉండనివ్వు. అమ్మ దగ్గర ఒంటరిగా కూర్చుని నిజం చెప్పు. అది కూడా నీ వల్ల కాకపోతే నేనే వచ్చి చెబుతాను.

అమ్మ కాళ్ళకి నా దండాలు. నన్ను తిట్టినా, కొట్టినా పడతానని చెప్పు. సుబ్బమ్మకి, పిల్లలకి నా దీవెనలు. పెంచలయ్యని తలకి నూనె పెట్టుకోమను.

ఇట్లు,
పోలేరమ్మ మీద దొంగ ఒట్టు వేసిన
నీ అక్క మస్తానమ్మ