బాగుందంటే బండెక్కుతుంది

మనామా, ఆదివారం

గౌరవనీయులైన బూ ఘానిమ్ బాబాయి గారికి,

డాక్టర్ లుల్వా సలాములు. మొన్న నేనూ మా డిజైన్ కాలేజీ పిల్లలూ కొలత టేపులు, బొమ్మలు గీసే పలకలు పట్టుకుని మీ సందు మీదికి దండయాత్రలా వచ్చిపడితే, విసుక్కోకుండా కూర్చోబెట్టి కాఫీ పోశారు. ఫోన్లో మాట గాలికి పోతుంది, ఏదున్నా కాగితం మీద రాయమన్నారు కదా, అందుకే ఈ ఉత్తరం. మీ వీధి షేర్‌దిల్ గారి చేపల బండి రోజూ వంతెన దాటి మా కాలేజీ ముందు నుంచే పోతుందట. ఆయన చేతికే ఇస్తున్నాను.

విషయం మరోసారి స్పష్టంగా రాస్తున్నాను. మీ ఇంటి ముందున్న ఖాళీ జాగాలో కార్లు నిలిపే స్థలం కట్టాలని మునిసిపాలిటీ ఇంజనీరు ఫవాజ్ గారి ఆలోచన. "అక్కడ ఎవరూ కూర్చోరు, ఊరికే పడి ఉంది" అని ఆయన పైవాళ్ళకు రాశారు. వచ్చే వారం గురువారం స్వయంగా చూడటానికి వస్తారు. ఆ రోజు అది మనుషులతో, కబుర్లతో కళకళలాడుతుంటే జాగా మీకు మిగులుతుంది. లేదంటే కార్లకు పోతుంది. మా పిల్లలు ఈ టర్మంతా మీ సందునే గీస్తున్నారు. ఆ బొమ్మలు ఆయన ముందు పెడదాం. ధైర్యంగా ఉండండి. ఇలాంటి పోట్లాటల్లో నేను ఓడే మనిషిని కాను.

మీ గోడ వారనున్న చెక్క బల్ల గురించి పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఎంత బాగుందో! అంత హాయిగా కూర్చోబెట్టే బల్ల నేను ఏ దేశంలోనూ చూడలేదు.

భవదీయురాలు,
లుల్వా

తా.క. నేను పుట్టింది ఇక్కడే అయినా, ఐదేళ్ళప్పుడే నాన్న ఉద్యోగం వెంట చలిదేశాలకు పోయి అక్కడే పెరిగాను. మన పద్ధతులు అన్నీ తెలియవు. మొన్న మీ కాఫీ ఎన్నిసార్లు తాగినా కప్పు మళ్ళీ నిండిపోయింది. ఆ రాత్రి నాకు కునుకు పడితే ఒట్టు. దాన్ని ఆపే ఉపాయం ఏమైనా ఉందా?


ముహర్రఖ్, సోమవారం

అమ్మాయ్ లుల్వా,

దీవెనలు. చేపల బజారులో జీవితమంతా వేలంపాట పాడిన గొంతు నాది. కాగితంలో ఇమడదు. అయినా నీ కోసం ఇరికిస్తున్నాను.

నీ ఉత్తరం మా స్నేహితులు బూ హిలాల్, దర్వీష్, ఖమీస్‌ల ముందు గట్టిగా చదివాను. బల్ల బాగుందని రాసిన చోటికి రాగానే ముగ్గురూ నా మొహం చూశారు. "ఏంట్రా ఆ చూపు? నేను వెనకాడతాననుకున్నారా?" అన్నాను. ఉత్తరం తెచ్చిన బండిలోనే బల్లను ఎక్కించాను. నీకు నచ్చింది, ఇక అది నీది. గోడకు మేకులు కొట్టి ఉండటం వల్ల పీకేటప్పుడు కాస్త గోడ కూడా వచ్చింది. అదీ నీదే.

ఫవాజ్ సంగతి నాకు వదిలెయ్. వాడు మా పక్కింటావిడ మేనల్లుడే. లాగు జారిపోతుంటే పట్టుకుని పరిగెత్తిన రోజుల నుంచీ ఎరుగుదును.

ఉంటాను,
బూ ఘానిమ్

తా.క. తాగిన కప్పును చేత్తో అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటాం. నువ్వు పాపం తాగుతూనే ఉన్నావు. ఈ పిల్లకు కాఫీ పిచ్చి కాబోలు అనుకుని ఇంకో కుండ పెట్టించాను.


మనామా, బుధవారం

బాబాయి గారికి,

మీ పెద్దమనసుకు ఏమని చెప్పను! పిల్లలు కొలుచుకుంటారని బల్లనే పంపేశారు. ఎన్నో దేశాల్లో చదువుకున్నాను గానీ, విద్యార్థుల కోసం గోడతో సహా పంపిన వీధిని ఎక్కడా చూడలేదు. కొలతలు తీసుకున్నాం, ఊగుతున్న కాలు బిగించాం, ఇదే బండిలో వెనక్కి పంపుతున్నాం. ఇంజనీరు గారు వచ్చే రోజుకు అది మీ గోడ దగ్గరే ఉండాలి కదా.

అసలు బల్ల ఒక్కటేనా? మీ తలుపు ఎంత అందంగా ఉంది! ఆ చెక్కడపు పువ్వులు, ఆ ఇత్తడి బొడిపెలు! ఆ బాదం చెట్టు నీడ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. అలాంటి చెట్టు మా కాలేజీలో ఒక్కటి ఉంటే మా పిల్లలు తరగతి ఎగ్గొట్టేవాళ్ళు కాదు. ఇవన్నీ నివేదికలో రాస్తున్నాను.

అభిమానంతో,
లుల్వా

తా.క. నిన్న మా అత్తయ్య ఇంట్లో కప్పు ఊపాను. గట్టిగా ఊపానేమో, మామయ్య తెల్లంగీ మీద పడింది. ఇంకెంత మెల్లగా ఊపాలో రాయగలరు.


ముహర్రఖ్, గురువారం

అమ్మాయ్,

బండిలోంచి బల్ల దిగుతుంటే వీధంతా చూసింది. ఇచ్చిన వస్తువు తిరిగి వచ్చిందంటే ఇచ్చినవాడు ఏ మొహం పెట్టుకుని తిరగాలి? "నీ బల్ల నచ్చలేదట రోయ్" అని దర్వీష్ నవ్వాడు. నాకు అన్నం సయించలేదు. మావల్ల ఏం తప్పు జరిగిందమ్మా?

మా ఇంటావిడే తేల్చింది. "పిచ్చి మనిషీ, తలుపు లేకుండా ఉత్త బల్ల పంపితే ఎవరు ఉంచుకుంటారు? ఆ పిల్లకు నచ్చింది తలుపు!" అంది. నిజమే కదా అనిపించింది. అందుకని బల్లనూ తలుపునూ కలిపి పంపుతున్నాను. మళ్ళీ తిప్పి పంపావంటే ఈ వీధిలో నేను తలెత్తుకోలేను. ఇంటికి పరదా కట్టుకున్నాం. గాలి బ్రహ్మాండంగా వస్తోంది. పిల్లులు కూడా వస్తున్నాయి.

దీవెనలతో,
బూ ఘానిమ్

తా.క. చెట్టు గురించి రాశావు. వేళ్ళు చాలా లోతుకు పోయాయి. నాలుగు రోజులు గడువియ్యి.


మనామా, ఆదివారం

బాబాయి గారూ,

చెట్టు ముట్టుకోవద్దు! మీకు పుణ్యముంటుంది, ఆ గడ్డపార పక్కన పెట్టండి!

శుక్ర, శనివారాల సెలవులు గడిచి ఈ పొద్దున కాలేజీకి వచ్చేసరికి గుమ్మం ముందు ఆరుబయట మీ తలుపు చట్రంతో సహా నిలబడి ఉంది. కాపలాదారు దాన్ని కొత్త ద్వారం అనుకుని అందరినీ అందులోంచే పంపిస్తున్నాడు.

ఒక్క మాట అడుగుతాను, కోపగించుకోకండి. మీరు ఇల్లు ఖాళీ చేస్తున్నారా? ఫవాజ్ వచ్చి భయపెట్టాడా? లేకపోతే ఇంటి తలుపు పీకి పంపడమేమిటి! అలా ఉంటే నాతో చెప్పండి. మీరు చేతులెత్తేసినా నేను ఎత్తను. గురువారం ఆయన వచ్చేసరికి మీ సందు ఖాళీగా కనిపిస్తే మన పని అయిపోయినట్టే.

నేను చెప్పేది శ్రద్ధగా వినండి. నాకు కావలసింది చెక్కా కాదు, చెట్టూ కాదు. ఆ సందుకు ప్రాణం మీరు. పొద్దుట నుంచీ డామినో బిళ్ళలు టపటపా కొడుతూ పోట్లాడుకునే మీ స్నేహితులు. అంత ముచ్చటైన మనుషుల్ని నేను ఇంతవరకు చూడలేదు. వాళ్ళు ఉంటే చాలు. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆందోళనతో,
లుల్వా

తా.క. మీ తలుపుకు తాళంచెవి పంపలేదు. ఎవరో లోపల్నుంచి గడియ పెట్టారు. ప్రిన్సిపాల్ గారు బయట ఉండిపోయారు. పక్కన గోడ లేకపోయినా, చుట్టూ తిరిగి రావచ్చని ఆయనకు చాలాసేపు తట్టలేదు.


ముహర్రఖ్, సోమవారం

అమ్మాయ్ లుల్వా,

నేనా భయపడేది? నడిబజార్లో సొరచేప వేలం పాడుతుంటే, అది బతికే ఉందని తెలిసి జనమంతా పరిగెత్తినా, పాట ఆపని మనిషిని నేను. మళ్ళీ ఆ మాట రాయకు.

చెట్టు వద్దన్నావు, సరే. మా ఇంటావిడ కూడా ఊపిరి పీల్చుకుంది.

ఇక నువ్వు కోరినవాళ్ళు. చెప్పగానే కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నారు. "మమ్మల్ని ముచ్చటైనవాళ్ళని ఇంతకు ముందు ఎవరన్నారు?" అని దర్వీష్ గడ్డం దువ్వుకున్నాడు. ముగ్గుర్నీ షేర్‌దిల్ బండిలో ఎక్కించి పంపుతున్నాను. డామినో బిళ్ళలు, కాఫీ కుండ, మూడు దిళ్ళు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. మధ్యాహ్నం నిద్ర తప్పనివ్వకు. బూ హిలాల్‌కు ఉప్పు తగ్గించాలి. ఖమీస్ గురక పెడతాడు గానీ మనిషి బంగారం.

వాళ్ళు లేక వీధి బావురుమంటోంది. నాకు ఆడటానికి తోడు లేదు. ఏం చేస్తాం, మాటంటే మాటే.

నీ బాబాయి,
బూ ఘానిమ్

తా.క. దర్వీష్ ఓడిపోతే బిళ్ళ ఒకటి చంకలో దాస్తాడు. ఆట ఎంతకీ తెగకపోతే ముందు అక్కడ వెతుకు.


మనామా, బుధవారం

బూ ఘానిమ్‌కు,

ఈ ఉత్తరం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మీ బల్ల రాయిలా ఉంది. కూర్చుంటే నడుము విరుగుతోంది. మీ తలుపు కిర్రుమంటుంది, పువ్వులు వంకరగా చెక్కారు. బాదం చెట్టుకు ఆకులు రాల్చడం తప్ప వేరే పని లేదు. కాఫీ చేదు. మీ స్నేహితులు మోసగాళ్ళు, గురకలు పెడతారు, రెండు రోజులుగా మా తరగతి గది ఆక్రమించుకుని పిల్లలకు డామినో తప్ప ఇంకేదీ నేర్చుకోనివ్వడం లేదు. ఇంత పనికిరాని సందును నా జన్మలో చూడలేదు. మీవన్నీ మీరే తీసుకోండి. నాకేమీ వద్దు.

షేర్‌దిల్ చేత పిల్లల బొమ్మలు ముందుగా పంపుతున్నాను. రేపు ఫవాజ్‌కు చూపించండి. టర్మంతా గీసిన అసలు బొమ్మలు అవి. వేరే ప్రతులు లేవు, పరీక్ష మార్కులు వాటికే. నేను రాలేను. మా తరగతిలో ముగ్గురు ముసలివాళ్ళు దిళ్ళు వేసుకుని ఎందుకు పడుకున్నారో రేపు పొద్దున ప్రిన్సిపాల్‌కు సంజాయిషీ ఇచ్చుకోవాలి. షేర్‌దిల్ రాత్రికి తిరిగి వచ్చి, తెల్లవారగానే బల్లనూ తలుపునూ మనుషులనూ ఎక్కించుకుని వస్తాడు.

లుల్వా

తా.క. మా లైబ్రరీ హెస్సా అక్క నిన్ననే చెప్పింది. మనవైపు అతిథి ఏదైనా బాగుందంటే ఇంటివాళ్ళు అది ఇచ్చేయాల్సిందేనట. బాబాయి గారూ, సిగ్గుతో చచ్చిపోయాను. మీ వీధిని కాపాడతానని వచ్చి నేనే ఊడ్చేశాను. పైన రాసిందంతా పచ్చి అబద్ధం. కానీ ఈ తా.క. మీరు చదవలేదు.


ముహర్రఖ్, గురువారం సాయంత్రం

అమ్మాయ్ లుల్వా,

నీ తిట్లు చదువుకుని కళ్ళు తుడుచుకున్నాను. నా సొంత కూతుళ్ళు కూడా ఇంత ప్రేమగా తిట్టలేదు. నువ్వు వద్దన్నావు కాబట్టి వస్తువులు తీసుకోవడానికి ఇక నాకు నామోషీ లేదు.

కానీ అవి వేళకు రాలేదమ్మా. షేర్‌దిల్ తెల్లవారే వచ్చినా ఆ ముగ్గురూ ఆట మధ్యలో లేచేది లేదన్నారట. కూర్చున్నదేమో బల్ల మీద. వాళ్ళు లేస్తే గానీ బల్ల లేవదు, దర్వీష్ ఓడితే గానీ వాళ్ళు లేవరు.

నిజం చెప్తాను. ఈ పొద్దున నాకు భయం వేసింది. ఇంటికి తలుపు లేదు, గోడ వార బల్ల లేదు, పలకరించే మనిషి లేడు. మా నాన్న కూర్చున్న జాగా, నా పెళ్ళి డప్పులు మోగిన జాగా. నా చేతులారా ఖాళీ చేసి ఇచ్చానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఫవాజ్ కారు దిగి చుట్టూ చూశాడు. "ఏం బాబాయ్, ఇక్కడ పిల్లి కూడా కూర్చోవట్లేదే! నేను రాసింది నిజమేగా?" అన్నాడు. పిల్లులన్నీ మా ఇంట్లో ఉన్నాయని నేను చెప్పలేదు.

"నిజమే నాయనా. ముందు కాఫీ తాగు" అన్నాను. నేల మీద చాప వేశాను. నీ బొమ్మలు పరిచాను. కప్పు వాడి చేతికిచ్చాను. వాడు ఒక గుక్క తాగాడు. అప్పుడు లేచి నిలబడి, బజార్లో పాడిన గొంతు బయటికి తీశాను.

"ఓ జనాల్లారా! మునిసిపాలిటీ వారి ఈ జాగా చూడండి! ఈ నీడ చూడండి! సముద్రం మీంచి నేరుగా వచ్చే ఈ గాలి చూడండి! ఇంత బాగున్న జాగా నా కళ్ళతో ఎక్కడా చూడలేదు! ఇది సొంతమైన ఫవాజ్ ఎంత అదృష్టవంతుడు!"

కిటికీలన్నీ తెరుచుకున్నాయి. వాడి మొహం ఉప్పుచేపలా ఎండిపోయింది. "బాబాయ్, ఇది నాది కాదు, ఆఫీసుది..." అని గొణిగాడు. పై కిటికీలోంచి వాడి మేనత్త అందుకుంది. "ఏరా ఫవాజూ! పెద్దాయన అంతగా మెచ్చుకుంటుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేంరా? వాళ్ళ కాఫీ తాగాక కాదనేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా, సిగ్గులేదూ? మీ నాన్నే ఉంటే ఈపాటికి ఒంటి మీది అంగీ కూడా విప్పి ఇచ్చేవాడు!"

వాడు కప్పు వంక చూశాడు, అత్త వంక చూశాడు, వీధి నిండా చేరిన జనం వంక చూశాడు. తల వంచుకుని, "మీకు నచ్చితే మీదే బాబాయ్. ఇచ్చేశాను" అన్నాడు. ఆడవాళ్ళు పెళ్ళిలో లాగా నాలుక ఆడిస్తూ సంతోషపు కేకలు పెట్టారు. నేను వాణ్ణి కావలించుకుని ఏడ్చాను. ఏడిస్తే ఏం, సంతోషం వచ్చింది ఏడ్చాను.

మధ్యాహ్నానికి వాళ్ళ పైఅధికారి సంతకంతో కబురు వచ్చింది. కార్లు రావు, జాగా వీధివాళ్ళు కూర్చోవడానికే. ఆ పైఅధికారి మొదట ఇంతెత్తున లేచాడట. తర్వాత "కాఫీ తాగిన తర్వాత ఇచ్చావా, తాగకముందా?" అని అడిగాడట. తాగాకే అన్నాడట మనవాడు. "అయితే ఇక చేసేదేముంది" అని సంతకం పెట్టాడట. ఆయనదీ మన ఊరే కదా.

ఇంతలో బండి కూడా వచ్చింది. శుక్రవారం భోజనానికి రా. ఏది నచ్చినా నోరు మూసుకుని తిను.

నీ బాబాయి,
బూ ఘానిమ్

తా.క. ఫవాజ్ వెళ్ళబోతూ నీ పిల్లల బొమ్మలు చాలా బాగున్నాయన్నాడు. నువ్వు ఇక్కడ లేవు, పద్ధతి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నావు. నీ పరువు పోకూడదని నీ తరఫున నేనే అన్నీ ఇచ్చేశాను. పరీక్షకు మళ్ళీ గీయించుకో అమ్మా, వీధి ఎక్కడికీ పోదు.