పిడికెడు బియ్యం క్యాషియో

5 ఆగస్టు 2004, గురువారం

సత్తియ్య మళ్ళీ రాలేదు. చర్చిలో గంట కొట్టేది ఆయన, తాళం తీసేది ఆయన, హార్మోనియం మోసేది ఆయన. గురువారం మధ్యాహ్నం ఏటవతల లంకలో స్త్రీల కూడిక ఉంటుందని ఆయనకి తెలియదా? కొబ్బరికాయల దింపు పని ఉందట. దింపు ఉంటే ముందురోజు చెప్పి చావొచ్చు కదా.

నేనూ దీనమ్మగారూ హార్మోనియాన్ని చెరో పక్క పట్టుకుని మోశాం. దీనమ్మగారు మా స్త్రీల సమాజం ప్రెసిడెంటు. కువైట్‌లో పన్నెండేళ్ళు ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన మనిషి, బరువుకి జంకరు. నేను జంకుతాను. స్కూల్లో సగం రోజు సెలవు పెట్టి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, గట్టు దిగి, పడవెక్కి, అవతలి ఒడ్డున బురదలో కాలు జారాను. నేను పడలేదు. హార్మోనియం పడింది. తిత్తి నిలువునా చిరిగింది. దాని వయసు మా తాతగారి వయసు, పోనీలే అని దీనమ్మగారు అన్నారు. పోనీలే ఏంటి? ఇక దేనిమీద వాయించను?

కూడిక పైడమ్మగారి అరుగు మీద జరుగుతుంది. మోకాళ్ళు పట్టేసి ఆవిడ పడవ ఎక్కలేరు, చర్చికి రాలేరు. చర్చే ఆవిడ దగ్గరికి పోవాలని ఈ గురువారాలు పెట్టుకున్నాం. అక్కడే దీనమ్మగారు అనేశారు, పిడికెడు బియ్యం డబ్బులతో క్యాషియో కీబోర్డు కొనేద్దామని. అన్నం వండబోయే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తారు. అవన్నీ పోగేసి అమ్మిన డబ్బు సమాజానిది. పైడమ్మగారూ వేస్తారు. ఆవిడ ఇంట్లో ఎసట్లో పడేవే తక్కువ, అయినా వేస్తారు.

అది మా లంకక్కూడా వస్తాదా అమ్మా అని ఆవిడ అడిగారు. వస్తుందండీ అన్నాను. మాట ఇచ్చేశాను.

కాబట్టి నేను ఒక్కదాన్నే భుజాన వేసుకుని పడవెక్కగలిగేంత తేలిగ్గా ఉండాలి. లంకలో కరెంటు ఎప్పుడుంటుందో దేవుడికెరుక, బ్యాటరీలతో మోగాలి. స్పీకర్లు దాంట్లోనే ఉండాలి. సత్తియ్యతో పని ఉండకూడదు. ఏ సత్తియ్యతోనూ.

8 ఆగస్టు

మా డబ్బు గురించి చర్చి కమిటీ ఆలోచిస్తుందట.

14 ఆగస్టు, శనివారం

దీనమ్మగారితో రాజమండ్రి వెళ్ళొచ్చాను. షాపు మేడ మీద ఉంది. పెద్ద కీబోర్డులు ముందు వరసలో, చిన్నవి వెనక. పిల్లలకా మేడమ్ అన్నాడు షాపాయన. నాకేనండీ అన్నాను. మొహం చూశాడు, వెనక వరసకే తీసుకెళ్ళాడు.

మొదటిది మరీ తేలిక, కానీ మెట్లు సన్నం, ఒక వేలు పెడితే రెండు మోగాయి. రెండోది వేళ్ళకి బాగానే ఉంది గాని మెల్లగా నొక్కినా బాదినా ఒకటే చప్పుడు. ప్రార్థనలో జనం గొంతు తగ్గించినప్పుడు వాయిద్యం కూడా తగ్గాలి కదా, అది మైకు మింగినట్టు మోగుతూనే ఉంటే ఎలా? మూడోది బాగుంది. నొక్కినంతే పలికింది. ప్లగ్ పీకేయండి, బ్యాటరీలు వెయ్యండి అన్నాను. వేశాడు. దీనమ్మగారిని కిందికి పంపి ఆటోల మధ్య నిలబెట్టి, వినిపిస్తోందా అని కిటికీలోంచి అరిచాను. ఆయ్, వినపడతంది, వాయించు వాయించు అని ఆవిడా అరిచారు. రోడ్డు మీద జనం ఆగి చూశారు. చూడనీ.

తరువాత బ్యాగులో పెట్టించి, భుజాన తగిలించుకుని, మెట్లు దిగి, వీధి మలుపుదాకా నడిచి వచ్చాను. షాపాయన గాభరాగా వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. నేనిక్కడే ఉన్నాను కదండీ, నన్ను తాకట్టు పెట్టుకోండి అని దీనమ్మగారు నవ్వారు. భుజం నొప్పి పుట్టలేదు. ఇదే.

పేరూ నంబరూ చీటీ మీద రాయించుకొచ్చాను. సమాజం డబ్బైనా సరే చెక్కు మీద చర్చి సెక్రటరీ సంతకం కావాలి. సెక్రటరీ మా సూరిబాబు పెదనాన్నగారే, నాన్నకి అన్నగారు, రిటైర్డ్ హెడ్మాస్టరు. చీటీ ఆయన చేతిలో పెట్టాను. చదివి, జేబులో పెట్టుకుని, అలాగేనమ్మా లిడియా అన్నారు.

5 సెప్టెంబరు, ఆదివారం

కీబోర్డు వచ్చింది. వ్యాన్‌లో వచ్చింది. నలుగురు మగాళ్ళు దించారు. ఫోటోగ్రాఫర్ని కూడా పిలిచారు.

అది నేను చెప్పింది కాదు.

షాపులో ముందు వరసలో ఉన్నది. నా పొడుగు ఉంది. బ్యాటరీలు వేసే చోటే లేదు. స్పీకర్లు లేవు, వాటికి వేరే బాక్సులు, అవి ఇద్దరు మోశారు. టేకు పెట్టె చేయించారు, పెట్టెకి తాళం. మూత మీద ఎర్ర పెయింటుతో సంఘ పెద్దలందరి పేర్లు. పిడికెడు బియ్యం తీసిన ఒక్క ఆడమనిషి పేరు లేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను ప్రారంభగీతం వాయించాలట. వాయించాను. పళ్ళు నూరుకుంటూ దేవుణ్ణి స్తుతించాను. ఆయన క్షమించాలి.

6 సెప్టెంబరు

అడగడానికి వెళ్ళాను. పెదనాన్నగారు టిఫిన్ తింటూ చాలా శాంతంగా చెప్పారు. ఆ శాంతమే నాకు ఒళ్ళు మండిస్తుంది. చీటీలో రాసినదాన్ని షాపులో ఆయనే ఎత్తి చూశారట. ఒంటిచేత్తో లేచిందట. అందుకని వద్దన్నారట. ఒంటిచేత్తో లేచేదానికి అంత డబ్బు పోస్తే రేపు సంఘం నన్నేమంటుందమ్మా అన్నారు. బిందె కొన్నా గొలుసు కొన్నా తూచే కదా కొంటాం అన్నారు. పక్క ఊరి సంఘం వాళ్ళది ఇద్దరు మోస్తారు, మనది నలుగురు మొయ్యాలి, చూసేవా అన్నారు.

నేను తేలిగ్గా ఉందనే దాన్ని ఎంచుకున్నాను. ఆయన తేలిగ్గా ఉందనే దాన్ని తీసేశారు. మాణిక్యం పెద్దమ్మ ఇంకో ఇడ్లీ వేస్తానంది. వద్దన్నాను. ఆవిడ నా మొహం చూడలేదు.

9 సెప్టెంబరు, గురువారం

పైడమ్మగారు అరుగు మీద చాప వేయించి, మధ్యలో కొత్త తువ్వాలు పరిపించి ఉంచారు. క్యాషియో పెట్టడానికి.

వచ్చే వారం అన్నాను. అబద్ధం.

19 సెప్టెంబరు, ఆదివారం

పెదనాన్నగారి అబ్బాయి అనిల్ కుమార్ ఇవాళ ప్రత్యేక సంగీతం వాయిస్తాడని ప్రకటించారు. వాడికి సరిగమలు కూడా రావు. కూర్చుని, వేళ్ళు ఆడిస్తూ, డెమో బటన్ నొక్కాడు. కంపెనీ వాళ్ళు లోపల పెట్టిన పాట డ్రమ్ములతో సహా దానంతట అది మోగింది. వేళ్ళు ఆగిపోయినా పాట ఆగలేదు. పెదనాన్నగారు కళ్ళు తుడుచుకున్నారు. జనం ఆమెన్ అన్నారు. పాస్టర్‌గారు బాబుని దేవుడు ఇంకా వాడుకోవాలని ప్రార్థించారు.

నేను బయటకొచ్చి చెప్పులు వేసుకున్నాను. ఎవరివో వేసుకొచ్చేశాను.

20 సెప్టెంబరు

పిల్లల మీద అరిచాను. లెక్క తప్పు చేసింది వాళ్ళు కాదు, బోర్డు మీద నేను.

7 అక్టోబరు, గురువారం

సరే, అదే పట్టుకెళ్దాం అని పట్టుబట్టాను. ఉన్నదాంతోనే మాట నిలబెట్టుకుందామనుకున్నాను. పెట్టె తాళం పెదనాన్నగారి దగ్గర ఉంటుంది. పొద్దున్న అడిగితే మధ్యాహ్నానికి ఇచ్చారు. సత్తియ్య ఇంకో ముగ్గుర్ని వెతికి తెచ్చేసరికి ఎండ తిరిగింది. రేవులో పడవాయన దాన్ని చూసి, ఇదెక్కితే మనుషులు దిగాలండీ అన్నాడు. ఆరుగురు ఆడవాళ్ళు దిగారు. పడవ రెండో ట్రిప్పుకి ఆగి వచ్చారు.

లంకలో కరెంటు లేదు.

టార్పాలిన్ కప్పి అరుగు మీద ఉంచాం. పైడమ్మగారు దాని పెట్టె మీద చెయ్యి వేసి, ఎంత పెద్దదో అన్నారు. మెచ్చుకున్నారో ఏమో తెలియలేదు. ఆవిడ ముందు కోపం చూపించలేక నా తల పగిలిపోయింది.

10 అక్టోబరు, ఆదివారం

షాపాయనకి ఫోన్ చేశాను. వాపసు తీసుకుంటాడట, చిన్నది ఇస్తాడట. మంచివాడు. పరుగెత్తుకుంటూ చర్చికి వెళ్ళి పెదనాన్నగారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, దేవుడికిచ్చిన కానుక వెనక్కి తీసుకోకూడదమ్మా అన్నారు. అందరిముందూ అన్నారు. ఇప్పుడది దేవుడిదట. తాళం మాత్రం పెదనాన్నగారి దగ్గరే.

అమ్మ ఇంటికొచ్చాక, పెద్దాయనతో నీకెందుకే, వదిలెయ్యి అంది. ఎంతమంది వదిలేస్తే ఆయన పెద్దాయన అయ్యారు అన్నాను.

18 నవంబరు, గురువారం

దీనమ్మగారు ఇవాళ కూడిక అయ్యాక అందర్నీ ఉండమన్నారు. కానుక వెనక్కి తీసుకోకూడదు, నిజమేనండీ అన్నారు. మరి ఇచ్చిందే ఇంకోసారి ఇవ్వకూడదని ఎక్కడైనా రాసుందా అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. ఆదివారం కోత పండుగ. ఎవరి పొలంలోది, పెరట్లోది వాళ్ళు తెచ్చి చర్చిలో ముందున్న ఆల్టర్ మెట్ల మీద పెడతారు. పాస్టర్‌గారు వాటిమీద ప్రార్థన చేస్తారు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. ప్రార్థన అయ్యాక మెట్ల మీద ఏదుంటే అది వేలం వెయ్యాల్సిందే. కిందటేడు ఒకాయన పొరపాటున గొడుగు వదిలేస్తే దాన్నీ వేశారు. తన గొడుగు తనే పాడుకుని ఇంటికి తీసుకెళ్ళాడు పాపం. వేలం వేసింది పెదనాన్నగారే. సమాజం పెట్టిన వస్తువు ఎంతకి పోతే అంతా సమాజానికే. ఆ రూలూ ఆయనదే.

నాకు నవ్వొచ్చింది. మూడు నెలల తరువాత. మాణిక్యం పెద్దమ్మ అక్కడే కూర్చుని ఉంది, ఆవిడా సమాజంలో మెంబరే. ఈ మాట ఇప్పుడు ఇంటికి మోస్తుందని అందరం ఆవిడ వైపు చూశాం. పెట్టె తాళం నేను తెస్తాను అంది.

21 నవంబరు, ఆదివారం, సాయంత్రం

కాళ్ళు కూడా కడుక్కోకుండా రాస్తున్నాను.

చర్చి అలంకరించడం ఎప్పుడూ ఆడవాళ్ళ పనే కాబట్టి పొద్దున్నే మమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. ఆరుగురం కలిసి మోశాం, ఒక చివర పెద్దమ్మే. గుమ్మడికాయలకీ అరటిగెలకీ మధ్య పెట్టాం, మీద వరికంకులు వేశాం. కాళ్ళు కట్టిన పుంజు ఒకటి దాని పక్కనే పడుకుంది. పెదనాన్నగారు వచ్చి చూసి, అలంకారం బాగుందని తలూపారు. పాస్టర్‌గారు మెట్ల మీదున్న సమస్తం కోసం చేతులు చాపి ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేను.

వేలం పెదనాన్నగారే మొదలుపెట్టారు. పుంజు పోయింది, గుమ్మడికాయలు పోయాయి. కీబోర్డు దాటి అరటిగెల మీద చెయ్యి వేశారు. దీనమ్మగారు లేచి, అన్నగారూ, వరస తప్పేరండీ అన్నారు. ఇది సంఘం ఆస్తి, కానుక కాదు అన్నారాయన. ప్రార్థన అయిపోయింది కదండీ అన్నారావిడ. వెనక నుంచి గొడుగాయన లేచి, నా గొడుగప్పుడు ఈ మాట అన్లేదేంటండీ అన్నాడు. చర్చంతా నవ్వింది. పాస్టర్‌గారు బైబిల్లో ఏదో వెతుక్కున్నారు.

ఎవరు పెట్టేరిది అని పెదనాన్నగారు అరిచారు. బడిలో పిల్లల్ని అడిగే గొంతు. నేను లేచేలోపల పెద్దమ్మ లేచింది. నేనేనండీ, సమాజం తరఫున అంది. ఆవిడ గొంతు నలుగురిలో వినడం నాకిదే మొదలు.

ఆయన ఆవిడ వైపు చూశారు. తరువాత కండువా సర్దుకుని, పాడండి అన్నారు.

మొదటి పాట మురళీమోహన్‌గారిది. అమలాపురంలో ఆర్కెస్ట్రా నడుపుతారు, వాళ్ళమ్మాయి దివ్య నా క్లాసు. రమ్మని నేనే కబురుపెట్టాను, ఆయనకి వ్యాన్ ఉంది, బరువు లెక్కలేదు. దేవుడి సొమ్ము రికార్డింగ్ డాన్సులకి పోనిస్తానా అని పెదనాన్నగారు తనే పెంచారు. అవతలాయన పాట గట్టిగా చెప్పడం, దానిమీద తన పాట ఇంకా గట్టిగా చెప్పడం. చివరికి మురళీమోహన్‌గారు దణ్ణం పెట్టి కూర్చున్నారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని తన పాట తనే కొట్టేసుకున్నారు పెదనాన్నగారు.

నాకు సంతోషం వేసింది. చాలా వేసింది. కానీ ఆయన ఎవర్నీ పిలవకుండా వంగి ఒక చివర పట్టుకోబోతే లేవలేదు. అది చూడాల్సొచ్చింది. ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించి, ఇప్పుడు జాలి కూడా నేనే పడాలా? ఇదో కోపం. వెళ్ళి రెండో చివర పట్టుకున్నాను. ఆయన నావైపు చూడలేదు, వదలమని కూడా అనలేదు.

25 నవంబరు

డబ్బు పెదనాన్నగారు సోమవారమే పెద్దమ్మ చేత పంపేశారు. కీబోర్డు వాళ్ళ హాల్లో పెట్టారట, మంచం వరండాలోకి పోయిందట. నిన్న పెద్దమ్మ పిడికెడు బియ్యం తీస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి చూసి, ఇన్నేళ్ళూ తీస్తున్నావా అన్నారట. ఆయ్ అందట.

4 డిసెంబరు

రాజమండ్రి. ఈసారి చీటీ ఎవరి చేతికీ ఇవ్వలేదు. మళ్ళీ మెట్లు దిగి చూస్తారా మేడమ్ అన్నాడు షాపాయన. దిగి చూశాను.

9 డిసెంబరు, గురువారం

పైడమ్మగారు క్యాషియోని ఒళ్ళో పెట్టమన్నారు. పెట్టాను. రెండు చేతులతో ఎత్తి తూచారు. నేనేసిన బియ్యమే ఇంతకన్నా బరువుంటాయి కదమ్మా అన్నారు. ఉంటాయండీ అన్నాను.

వాయిస్తాను ఇవ్వండి అంటే ఇవ్వలేదు. కూడిక అయ్యేదాకా ఇవ్వలేదు. ఒట్టి గొంతులతోనే పాడాం.