అమ్మ శాలువ ఊలు

ఏవండీ,

అమ్మ దగ్గరికి, కాకినాడ బస్సుకి బయల్దేరుతున్నాను. చారు, బీరకాయ కూర ఫ్రిజ్‌లో ఉన్నాయి. పెద్ద గరిటెల కోసం వెతక్కండి. వాటిని బాల్కనీలో తడిపి వేలాడదీసిన ఊలు చుట్టలకి బరువుగా కట్టాను, విప్పిన ఊలుకి మెలికలు పోవాలని. ఆరేదాకా ముట్టుకోకండి. ఎండ వస్తే నీడలోకి జరపండి, లేకపోతే రంగు వెలిసిపోతుంది.

అల్లిక మిషను దుమ్ము మాత్రం తుడవకండి. మొన్న తుడుస్తూ దాని పిడిని ఈ చివరి నుంచి ఆ చివరికి జరిపారు. దారం ఎక్కించకుండా జరిపితే సూదులన్నీ కుట్లు వదిలేస్తాయి. అమ్మ శాలువ మొత్తం ఒక్కసారిగా నేలమీద పడింది, ఇక విప్పేయక తప్పలేదు. "గుడ్డతో తుడిచానంతే, నేనేం చేశాను?" అన్నారు. మీకు ముందే చెప్పాల్సింది నేనే.

చేత్తో అల్లే క్రోషియాలో అయితే సూదికి ఉండేది ఒక్కటే కుట్టు. అది జారినా పోయేది కాస్తే. త్వరగా అయిపోతుందని మిషను మీద వేశాను. "పాండిచ్చేరి ఎండల్లో ఊలు బట్టలు ఎవురికమ్మా?" అని ఎదురింటి మునెమ్మక్క నవ్వుతూనే ఉంది. డయాలసిస్ గదిలో ఆ ఏసీ కింద నాలుగు గంటలు అమ్మ ఎలా వణుకుతుందో ఆవిడకేం తెలుసు. ఈ నెల తప్పకుండా తెస్తానని అమ్మతో చెప్పాను. ఉత్త చేతులతో వెళ్తున్నాను.

భానుశ్రీ

మరిచాను, అమ్మ ఫోన్ చేసి శాలువ సంగతి అడిగితే ఇంక అంచు అల్లడం ఒక్కటే మిగిలిందని చెప్పండి. నేనూ అదే చెబుతాను.