కిటికీ దగ్గరి సీసా ఎవరికి

నేను, గడియారాలు బాగుచేసేవాణ్ని, మతి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాసుకుంటున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత పక్క కొట్టు కళ్లద్దాలాయనది.

1. ఇల్లు, కొట్టు, పనిముట్లు సర్వహక్కులతో నా భార్యకు చెందుతాయి. గోడ గడియారాలన్నీ ఒకేసారి గంట కొడితే ఆమెకు తలనొప్పి. వాటికి కీ ఇవ్వనక్కర్లేదు.

2. మైక్రోస్కోపు మా అమ్మాయికి సేవ చేసిన నర్సమ్మకు. మూతపడిన ఒక బడి సామాన్లలో కొన్నాను దాన్ని. ఊపిరితిత్తుల జబ్బుతో అమ్మాయి గది దాటలేని రోజులవి. కొట్టు వెనక కుంటలోంచి నీళ్లు తెచ్చి, గాజుపలక మీద ఒక చుక్క వేస్తే చాలు, పిల్ల మొహం వికసించేది. చెప్పు ఆకారంలో ఉన్న జీవి ఒకటి అన్నిటినీ గుద్దుకుంటూ తిరుగుతుంటే దానికి ‘బాబాయి’ అని పేరు పెట్టింది. నర్సమ్మ ఆక్సిజన్ గొట్టం సర్దుతూ తనూ ఓ కన్ను వేసేది. ఈ ఇంట్లోంచి ఎప్పుడైనా కబురొస్తే, ఆమె మైక్రోస్కోపును ఒకపూట తెచ్చి చూపించి వెళ్లాలి.

3. నా చేతి గడియారం తమ్ముడికి. అమ్మాయి చనిపోయిన ఏడాదే వాడు ఆ కుంట పూడ్చి కార్ల షెడ్డు వేశాడు. స్థలం వాడిదే, కాదనను. ముందు ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకో సీసా నింపుకునేవాణ్ని. ఆ తరవాత వాడి గుమ్మం తొక్కలేదు. అమ్మాయి వాడి పేరు దేనికి పెట్టిందో ఎవరైనా వాడికి చెప్పండి.

4. కిటికీ దగ్గరి సీసాలోవి ఆ కుంట చివరి నీళ్లు. వాననీళ్లు కలుపుతూ, ఎండ చూపిస్తూ ఇన్నేళ్లూ కాపాడుకొచ్చాను. అందులో నాచుకు అంటుకుని దారప్పోగులాంటి జీవి ఉంటుంది, హైడ్రా. దాని ఒంటిమీద మొగ్గ వేస్తుంది, ఆ మొగ్గే పిల్ల. అమ్మాయి రోజూ దాన్నే కనిపెట్టి చూసింది. మొగ్గకు చేతులొచ్చాయి, తిండి పట్టుకోవడం వచ్చింది, ఓ ఉదయం ఊడి పక్కకు వెళ్లిపోయింది.

“విడిపోయేటప్పుడు తల్లికి నొప్పి తెలుస్తుందా నాన్నా?” అని అడిగింది.

తెలియదమ్మా, అన్నాను. నా భార్య మందు గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మాయి పోయాక ఆమె ఆ గదిలో మళ్లీ అడుగు పెట్టలేదు.

సదరు సీసాపై సంపూర్ణ హక్కు ఆమెదే. ఉంచుకున్నా, పారబోసినా ఆమెను ఎవరూ ఒక్క మాట అనకూడదు.

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం.

(సంతకం) గడియారాల మేస్త్రీ

సాక్షులు: పాల బూత్ అక్క, వీధి చివరి టైలరు