తడి గుడ్డ మీద రంగు

మార్చి 3, సోమవారం
బట్టల మిల్లులో నా రంగుల సెక్షన్‌కి ట్రైనీ వచ్చింది. కెమిస్ట్రీ డిగ్రీ. నెలాఖరుకల్లా ఈ అమ్మాయికి షేడ్ కలపడం వచ్చెయ్యాలి మాస్టారూ, రాకపోతే పంపించేస్తాం అన్నాడు మేనేజర్. సరే అన్నాను, నోటితో మాత్రం. పదిహేడేళ్ళు తిట్లు తిని నేర్చుకున్న పని. ఇదివరకు ఒకడికి పూర్తిగా నేర్పాను. వాడే ఇప్పుడు ఈ మేనేజర్.

మార్చి 6
ఎందుకు సార్, ఎందుకు సార్ అని ప్రాణం తీస్తోంది. కొలతలు రాసుకో అంటాను. ఎందుకో చెప్పను.

మార్చి 9, ఆదివారం
చర్చిలో ప్రసంగం నాదే, యజమాని ఇచ్చిన తలాంతును, అంటే ఆ డబ్బును, వాడకుండా మట్టిలో దాచిన దాసుడి మీద. నేను బల్ల గుద్దిన గుద్దుకి ముందు వరుసలో పసిబిడ్డ లేచి ఏడ్చింది. ఇంటికొచ్చాక మా ఆవిడ, బల్లేం పాపం చేసిందండీ, ఇంతకీ ఆ అమ్మాయికి ఈ వారం ఏం నేర్పారు అంది. ఆకలి చచ్చిపోయింది.

మార్చి 12
ఆమె మొదటి లాట్, నాలుగు వందల మీటర్ల గుడ్డ. నీలం. తడి గుడ్డను శాంపిల్ పక్కన పెట్టి, అచ్చం అదే సార్ అని మురిసిపోయింది. తడి మీద రంగు చిక్కగా కనిపిస్తుంది, ఆరాకే చూడాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

మార్చి 13, ఉదయం 11
నాలుగు వందల మీటర్లూ ఆరి వెలవెలబోయాయి. మేనేజర్ ఎగిరిపడ్డాడు. మాస్టారు చెప్పలేదా అని అడిగాడు. చెప్పారు సార్, నేనే తొందరపడ్డాను అంది. నా వైపు చూడనైనా లేదు. ఆమెని రేపటి నుంచి రావద్దన్నాడు.

మధ్యాహ్నం 3
కూర్చోలేను, నిలబడలేను. బైబిల్ తెరిచాను, మూశాను. ప్రభువా, ఆదివారం నేను ఎవరి మీద అరిచాను?

సాయంత్రం 5
మేనేజర్ గదిలోకి వెళ్ళి, కావాలనే చెప్పలేదు అన్నాను. వాడికి కోపం రాలేదు. మరి నా దగ్గర ఏం దాచారు మాస్టారూ అన్నాడు. ఏమీ దాచలేదురా, దాచి ఉంటే ఆ కుర్చీలో నేనుండేవాణ్ణి అన్నాను. నేనూ ఈ కుర్చీలో కూర్చున్నాక ఎవరికీ ఏమీ నేర్పలేదు మాస్టారూ, భయం అన్నాడు. ఆమెని ఉంచుతాను, పూచీ మీదే, ఇంకోసారి తప్పు జరిగితే ఇద్దరూ ఇంటికే. వెలిసిన ఆ నీలం మీద ఇద్దరూ కలిసి నలుపు వేసి పనికొచ్చేలా చేయండి అన్నాడు.

మార్చి 22
ఎందుకు సార్ అంటే, ఎందుకో చెబుతున్నాను. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. రుచి మరిగాను. ఇవాళ ఆమె అడగకముందే మొదలుపెట్టాను. భోజనానికి పోనివ్వండి సార్ అంది.

మార్చి 31
నేను కలిపిన గులాబీ రంగు లాట్‌ను ఆమె ఆపేసింది. ఎరుపు పిసరంత ఎక్కువైంది సార్ అంది. మూడుసార్లు చూశాను. నాకు తేడా కనిపించలేదు.
ఆమె మాట మీదే, లాట్ ఆపుతూ సంతకం పెట్టాను.