రాళ్ళు తెలియని సైకిలు

పెనుకొండ, ఆదివారం.

చి. రఘునాథ్‌కు అమ్మ ఆశీస్సులు. నవీనకు, నాకు ఒంట్లో బాగానే ఉంది.

నువ్వు సూరత్ నుంచి పంపిన ముందు షాక్ అబ్జార్బరు, లావు టైర్లు హిందూపురం మెకానిక్ నీ కూతురి గేరు సైకిలుకు బిగించాడు. వెనక క్యారియరు కూడా పెట్టమంటే, "కొండెక్కే బండికి క్యారియరేందవ్వా, నువ్వు కూచుంటావా?" అని నవ్వాడు. నిన్న నవీన దాన్ని మొదటిసారి కొండమీది కోట దారిలో తొక్కింది. కాసేపటికే తిరిగొచ్చింది.

"బండి ఎట్లుండాదే?" అన్నాను.

"బాగుండాదవ్వా. రాళ్ళమీద పోయినా కుదుపే తెలీలే" అని ఏడ్చింది.

మీ నాయన ఉన్నన్నాళ్ళూ ఆ దారిలో పిల్లకంటే ముందు నడిచిపోయి, చక్రానికి అడ్డొచ్చే రాళ్ళు పక్కకు నెట్టేవారు. ఆయన పోయాక ఆ దారి నిండా రాళ్ళే. ఈరోజు నవీన సైకిలు గోడకు ఆనించి, నడిచి కొండకు పోయింది. గోళ్ళనిండా మట్టితో వచ్చి అన్నానికి కూర్చుంది. మరో రోజైతే లేపి చేతులు కడిగించేదాన్ని. ఈరోజు అట్లే అన్నం వడ్డించాను.

ధర్మవరంలో చీరలు నేసే భాస్కరయ్యకు నువ్వు పంపిన జరీ పెట్టె చేరింది, తూకం సరిపోయింది. కోడలి దగ్గుకు డాక్టరుకు చూపించావా? రాయి. ఆమెకు నా ఆశీస్సులు చెప్పు.

సైకిలుకు కొత్త సీటు కూడా పంపుతానని నవీనతో అన్నావట. ఇంక సామాన్లు వద్దు. మీ నాయన సంవత్సరీకానికి నాలుగు రోజులు ముందుగానే రా. నా మోకాళ్ళు కొండెక్కవు. దారిలో పెద్ద రాళ్ళు పక్కకు నెట్టడం పిల్ల ఒక్కదాని వల్ల కాదు.

అమ్మ,
పద్మావతమ్మ