ఇరవై దారాల పలక

ఇలోయ్‌లో నగరం,
మే నెల, శనివారం.

రొసెండాకు,

నీ భర్త మెల్చోర్ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నాను. హాంకాంగ్‌లో నువ్వూ, నువ్వు చూసుకునే పెద్దావిడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమందరం క్షేమం. మూడు వారాలపాటు ఈ 'మేమందరం' అన్న మాట అబద్ధంగా ఉండింది, మొన్న గురువారం మళ్లీ నిజమైంది. ఎలాగో కింద వస్తుంది. చివరి కాగితం ముందు చదివే అలవాటు నీకుంది. ఈసారి వద్దు.

నీ స్నేహితురాలి చేత పంపిన పెట్టె, అందులోని ఉత్తరం అందాయి. సబ్బులు మంచివి. నువ్వడిగినవి నాలుగు. మందిరం పైకప్పు రేకులు వానలకు ముందే బిగించాం. మీ అమ్మ మోకాళ్లకు నువ్వు పంపిన తైలం పనిచేసింది, ఇంకో సీసా పంపు. మూడోది, "అమ్మ ఫోన్‌లో మాటిమాటికీ అయిదో గీత, తొమ్మిదో గీత అంటుంది, ఆ గీతలేమిటి, నువ్వు మిషన్లు తెలిసినవాడివి కదా" అన్నావు. నాలుగోది, నువ్వు ఫోన్ చేస్తే నేను ఎందుకు ఎత్తడం లేదని. నాలుగోది కాసేపు ఆగనీ.

ఆ మిషన్ పేరెత్తితేనే నాకు ఉమ్మేయాలనిపిస్తుంది. అయినా అడిగావు కనక చెబుతాను.

నువ్వు వెళ్లాక సంతలో రొట్టెల కొట్టు పక్కన కసిమీరో అనేవాడు ఆటల గది తెరిచాడు. లోపల ఏసీ, కాళ్లకింద తివాచీ, గోడ పొడవునా మిషన్లు. అద్దం వెనక అయిదు నిలువు వరుసలు. ఒక్కో వరుసలో మూడు బొమ్మలు: కోడిపుంజో, గంటో, మామిడిపండో, చేపో. మీట నొక్కితే వరుసలు గిర్రున తిరిగి ఆగుతాయి. మా నాన్న కాలంలో అలాంటి మిషన్‌కి గీత ఒక్కటే, నడిమధ్యన అడ్డంగా. దాని మీద ఒకే రకం బొమ్మలు పడితే డబ్బు, లేకపోతే లేదు. దొంగతనమే, కానీ కంటికి కనబడే దొంగతనం.

ఇప్పటి దొంగకి చదువెక్కువ. ఇరవై గీతలు పెట్టాడు. మూడు తిన్నగా అడ్డంగా పోతాయి. ఒకటి లోయలోకి దిగి ఎక్కుతుంది, ఒకటి కొండెక్కి దిగుతుంది, మిగతావన్నీ తాగినవాడి నడకే. గీత ఏదైనా సరే ఎడమ చివరి వరుసలోనే మొదలవ్వాలి, అక్కడినుంచి తెగకుండా కనీసం మూడు ఒకే బొమ్మలు దాని మీద కూర్చోవాలి. కుడివైపు నాలుగు పుంజులు బారులు తీరినా, ఎడమ చివర చేప పడిందంటే చిల్లిగవ్వ రాదు. గీతకి ఒక పెసో. ఇరవై గీతలూ కావాలంటే ఒక్క నొక్కుకి ఇరవై. అప్పుడు ఏదో వంకర గీత మీద మూడు చేపలు పడి ఆరు పెసోలు వెనక్కొస్తాయి. వస్తూనే గంటలు, దీపాలు, బాజాలు! ఇరవై మింగి ఆరు కక్కిన దానికి ఊరేగింపు! ఆ కూర్చున్న మహానుభావుడు పక్కవాడి వీపు చరిచి "పడింది, పడింది" అంటాడు.

అంతటితో అయిపోలేదు. గీత ఒక్కటే ఉంటే "అబ్బ, ఒక్క గడి తప్పింది" అని ఎప్పుడో ఒకసారి అంటాం. ఇరవై ఉంటే నొక్కిన ప్రతిసారీ ఏదో ఒక గీత మీద ఒక్క గడి తప్పుతుంది. ఆ తప్పిన గడిని పట్టుకుని మళ్లీ నొక్కుతారు. బొమ్మలు ఎక్కడ ఆగాలో మీట నొక్కిన క్షణానే లోపల తేలిపోతుంది. తర్వాత వెలిగే గీతలన్నీ మన కళ్లకు కట్టే గంతలు. సిలువ కింద ప్రభువు అంగీ కోసం చీట్లు వేసిన సైనికులు కూడా ఒక్కసారి వేసి లేచి వెళ్లారు. వీళ్లు లేవరు. ఆ సైనికుల్లాగే తలెత్తి పైకి మాత్రం చూడరు.

ఇదంతా నాకెలా తెలిసింది? ఫ్యాన్లూ రేడియోలూ విప్పి బాగుచేసేవాడిని, బడికి వెళ్లకుండానే వాక్యం మొత్తం నేర్చుకున్నవాడిని, ఈ ముష్టి మిషన్ నాకో లెక్కా అనుకున్నాను. గదిలో నిలబడి రెండు రోజులు చూశాను. ఇంటికొచ్చి పాత ప్లైవుడ్ పలక మీద పదిహేను మేకులు కొట్టాను. సోడా మూతలకు బొమ్మలు వేసి వాటికి తగిలించాను. నీ కుట్టుపెట్టెలోంచి రంగు దారాలు తీసి ఇరవై గీతలూ మేకు నుంచి మేకుకి కట్టాను. ఈస్టర్ తర్వాత మూడో ఆదివారం ఆ పలకని ప్రసంగ పీఠం మీద నిలబెట్టాను. దేవుడు నన్ను ఈ పలక కోసమే పుట్టించాడనిపించింది.

అంత శ్రద్ధగా నా ప్రసంగం ఎవరూ ఎప్పుడూ వినలేదు రొసెండా. బెంచీల మీద ముందుకు వంగిపోయారు. చేపలమ్మే నెమెసియా చెయ్యెత్తింది.

"బ్రదర్, ఒక్క మాట. కుడి నుంచి వస్తే లెక్కలోకి రాదా?"

"రాదమ్మా. ఎడమ నుంచే."

"అయ్యో నా తల్లీ, అందుకా! నాలుగు మామిడిపళ్లు పడ్డా ఇవ్వలేదని మిషన్‌ని తన్నాను కూడా!"

"ఆ పచ్చదారం మళ్లీ ఒకసారి చూపించండి బ్రదర్," అని వెనకనుంచి ఎవరో అరిచారు. పరిశుద్ధాత్మ కదులుతోందనుకున్నాను. ఆ వేడిలో మీ అమ్మ మీదికి వేలు చూపించాను.

"ఈ వంకర గీతల మీద నడిచేవాళ్లు ఎక్కడో లేరు! నా ఇంట్లో, నా బల్ల దగ్గర, నా అన్నం తింటున్నారు! మూడో బెంచీలో విసనకర్రతో ముఖం దాచుకుంటున్నారు, చూడండి!"

అందరూ తిరిగి చూశారు. అత్తమ్మ విసనకర్ర మడిచింది.

"దాచుకోవట్లేదు అల్లుడూ, ఉక్కగా ఉంది. కొట్టు నిండా ఫ్యాన్లు పెట్టుకున్నావు, మందిరానికి ఒక్కటి తెచ్చావా?"

లేచి నడిచి వెళ్లిపోయింది. ఇంటికి కాదు. రేవుకెళ్లి పడవెక్కి గిమరాస్ దీవిలో చెల్లెలు ఎపిఫానియా దగ్గరకు పోయింది. "మా అమ్మ ఏం తప్పు చేసినా సిగ్గుపరచకుండా మెల్లగా చెప్పు" అని నువ్వు వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో నా చెయ్యి పట్టుకుని అడిగావు, సరేనని మాటిచ్చాను. నీకు ఫోన్‌లో "అత్తమ్మ మామిడిపళ్ల కాలమని చెల్లెల్ని చూడబోయింది" అన్నాను. వెనక్కి రమ్మని ఒక్క కబురు పంపలేదు. తప్పు చేసింది ఆవిడ, వచ్చేది ఆవిడ అనుకున్నాను.

ఇక నా పలక ఫలం విను. మరుసటి వారం ఆటల గదిలో కుర్చీ ఖాళీ లేదు. సంతలో నెమెసియా నన్ను ఆపింది.

"ఇన్నాళ్లూ ఏమీ తెలియక ఒక్క గీతే ఆడేదాన్ని బ్రదర్. మీ దారాలు చూశాక తెలివొచ్చింది. ఇప్పుడు ఇరవైకి ఇరవై!"

ఆ సాయంత్రం కసిమీరో అరిటాకు పరిచి కాల్చిన బిబింకా రొట్టెలు పళ్లెం నిండా పంపాడు, 'చక్కగా బోధించిన బ్రదర్‌కి కృతజ్ఞతలతో' అని చీటీ పెట్టి. కుక్కలకు వేశాను. అవి తిన్నాయి. 'బంగారం నిప్పులో వేశాను, దూడ దానంతటదే బయటికొచ్చింది' అని, బంగారు దూడ విగ్రహం చేసిన అహరోను మోషేకు చెప్పిన సాకు చదివినప్పుడల్లా నవ్వేవాడిని. ఆ రోజు నా నోట్లో అదే సాకు తిరిగింది: నేను దారాలు కట్టానంతే.

ఇప్పుడు నాలుగోది. ఫోన్ పాడైందని పక్కింటివాళ్ల చేత నీకు కబురు చేయించాను. ఫోన్ పాడవలేదు.

పలకలో ఏదో లోపం ఉండిపోయింది, ఇంకా బాగా తెలుసుకుని కసిమీరో గుట్టు రట్టు చేయాలి అనుకుని ఫోన్‌లో అదే ఆట దింపుకున్నాను. మొదట ఉత్తుత్తి నాణేలతో. అది చదువే అని నాకు నేను చెప్పుకున్నాను. రెండో రోజుకి నిజం డబ్బుతో. ఇల్లు ఖాళీ, కొట్టులో నేనొక్కణ్నే. బల్ల మీద విప్పిన ఫ్యాన్లు విప్పినట్టే ఉండేవి. నా చేత్తో కట్టిన ఇరవై గీతలు, ఏది ఎక్కడ వంగుతుందో నాకు కంఠతా. అయినా నొక్కాను. ఈ ఊళ్లో ఆ మాయ గురించి నాకంటే ఎక్కువ తెలిసిన మూర్ఖుడు లేడు, నాకంటే గట్టిగా నొక్కినవాడూ లేడు.

మొన్న గురువారం మధ్యాహ్నం రెండు పుంజులు పడి మూడోది ఆగబోతోంది. అప్పుడు నువ్వు ఫోన్ చేశావు. నీ ముఖం వచ్చి తెరంతా కప్పింది. మూడో వరుస కనబడలేదు. నేను నీ ఫోన్ కట్ చేసేశాను రొసెండా. పనిలో ఉండి కాదు, చెయ్యి తగిలి కాదు. నీ ముఖం అడ్డొచ్చిందని ఈగని తోలినట్టు తోలేశాను. మూడో పుంజు పడింది. ఇరవైకి ఆరొచ్చాయి. గంటలు మోగాయి. నేను బిగ్గరగా "హల్లెలూయా" అన్నాను.

"ఎన్నో గీత అల్లుడూ?"

వెనక్కి తిరిగితే గుమ్మంలో మామిడిపళ్ల బుట్టతో మీ అమ్మ. నేను ఎత్తడం లేదని నువ్వు ఆ పొద్దున్నే గిమరాస్‌కి ఫోన్ చేశావట. "నా కూతురు ఏడుస్తోంది, వీడు చచ్చాడేమో చూసిరావాలి" అని పడవెక్కిందట.

"ఎన్నో గీతంటే చెప్పవేం? అందరికీ చెప్పావుగా!"

"పదకొండు," అన్నాను. నోరు దానంతటదే అంది.

బుట్ట దించి, నా చేతిలోంచి ఫోన్ తీసి రవికెలో దోపుకుంది. దావీదు రాజు దగ్గరకు నాతాను ప్రవక్త వచ్చి, పేదవాడి గొర్రెపిల్లని కాజేసినవాడి కథ చెప్పి, 'ఆ మనిషివి నువ్వే' అన్న ఘట్టం మీద ఎన్నిసార్లు ప్రసంగించానో. ప్రతిసారీ నేనే నాతానుని.

"ఆరొస్తే లాభం కాదని నాకు మొదటి రోజే తెలుసు," అంది అత్తమ్మ మామిడిపండు తొక్క తీస్తూ. "నేను ఎండు చేపలు కొని అమ్మినదాన్ని, నాకు తెలియదా? అక్కడ చల్లగా ఉంటుంది. కూర్చోగానే 'తిన్నావా అత్తా' అని అడుగుతారు. మన ఇంట్లో నన్ను పలకరించేవి ఫ్యాన్లే."

వాక్యం అంతా వెతికినా ఒక్క మాట దొరకలేదు.

"నేను ఆడాను, కానీ ఎవరి మీదా వేలు చూపించలేదు. ఇక్కడ ఉండమంటావా, పడవెక్కమంటావా?"

"ఉండు అత్తమ్మా," అన్నాను.

"అయితే నా కూతురికి రాయి. కాగితం మీద. ఫోన్‌లో అయితే రాసి చెరిపేస్తావు."

రెండు రోజులు సాకులు చెప్పాను. ఇప్పుడు ఎదురుగా కూర్చుని కాపలా కాస్తోంది. రేపు ఆదివారం ఆ పలక మళ్లీ పీఠం మీద పెట్టాలట. ఇరవై దారాలూ అందరి ముందూ తెంపాలట, వేలు ఈసారి నా గుండె మీదికే చూపించాలట. విన్నాక పీఠం దిగమంటారో ఉండమంటారో సంఘం ఇష్టం. మందిరానికి ఒక ఫ్యాన్ బిగించాను, మూడో బెంచీ పక్కన. ఆటల గదికి ఇక వెళ్లనని అత్తమ్మ నాకు మాటివ్వలేదు, నేను అడగలేదు. నిన్నా ఇవాళా మధ్యాహ్నం కొట్టు మూసి ఇంటికొచ్చి ఆవిడతో కలిసి అన్నం తిన్నాను. "తిన్నావా" అని ముందు నేనే అడుగుతున్నాను.

ఫోన్ ఆవిడ దగ్గరే ఉంది. నువ్వు చేస్తే ఆవిడే ఎత్తుతుంది. నాకివ్వమని చెప్పాలో వద్దో నీ ఇష్టం. ఇవ్వమంటే, ఈసారి నీ ముఖాన్ని తెర నిండా చూస్తాను.

ఇట్లు,
నీ చేతిలో చెయ్యేసి మాటిచ్చి తప్పిన
నీ భర్త
మెల్చోర్

అడుగున ఒక మాట: అత్తమ్మ ఇదంతా చదివింది. ఒక్కచోట దిద్దమంది. హల్లెలూయా ఒకసారి కాదట, రెండుసార్లట.